లండను పొగ

చలిదేశమైన ఇంగ్లండులో గదిలోని బొగ్గుమంట సంసారసౌఖ్యమునకు గుర్తు. ఆ మంట పొగయే లండను నగరమును శతాబ్దులపాటు బాధించినది.

బట్టీలలో బొగ్గు కాల్చరాదని మొదటి ఎడ్వర్డు రాజు 1307 ప్రాంతముననే శాసించెను. కట్టెలు ప్రియమైనందున జనులు బొగ్గు మానలేదు. క్రమముగా ఇంటింట బొగ్గే ఇంధనమయ్యెను. 1661లో జాన్ ఈవ్లిన్ అను పండితుడు ఈ పొగను గూర్చి గ్రంథము రచించి రెండవ చార్లెసు రాజునకు సమర్పించెను. ఫలితము లేకపోయెను. పొగ నగరజీవితమునకు చెల్లింపవలసిన సుంకమని ప్రజలు సరిపెట్టుకొనిరి.

1952 డిసెంబరు 5వ తేదీన లండనులో గాలి స్తంభించెను. నేలనంటిన చల్లగాలిపై వెచ్చనిగాలి మూతవలె నిలిచెను. చలికి ప్రతియింట మంట హెచ్చెను. పొగ పైకిపోలేక వీథులను కప్పెను. బస్సులు ఆగిపోయెను. నాటకశాలలోనికిని పొగ చొరబడి ప్రదర్శన నిలిచిపోయెను. 9వ తేదీన గాలి వీచి పొగ విడిచెను. నాడు వేసిన లెక్కలో మృతులు సుమారు 4,000. తరువాతి పరిశోధకుల అంచనా 12,000.

1956లో పార్లమెంటు స్వచ్ఛవాయు శాసనము చేసెను. ఎంచిన ప్రాంతములలో పొగలేని ఇంధనమునే వాడవలెనని విధించుటయేగాక, పొయ్యిలు మార్చుకొను గృహస్థుల ఖర్చులో అధికభాగము ప్రజాధనమునుండి ఇప్పించెను.

రాజాజ్ఞ బొగ్గును నిషేధించినదే కాని, పేదవానికి అందుబాటైన వేరొక మంటను చూపలేదు. ఈ శాసనము చూపినది. అందువలననే, కాలము పట్టినను, లండను ఆకాశము తేటపడినది. నేటి నగరములలో వాహనముల ధూళి కంటికి కానరాదు; పాఠము మాత్రము అదియే.