గెయిటీ సినిమా హాలు, మద్రాసు

గెయిటీ మద్రాసులో మౌంట్ రోడ్డు పక్కన, చింతాద్రిపేటకు చేరువలో ఉన్న బ్లాకర్స్ రోడ్డులో 1914లో వెలసిన సినిమా హాలు. ఆ నగరంలో భారతీయుడు సొంతంగా కట్టించిన తొలి శాశ్వత సినిమా హాలుగా దీనికి పేరుంది. కట్టించినవారు బందరు నుంచి వచ్చి మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య నాయుడు.

మద్రాసు ప్రజలు కదిలే బొమ్మలను మొదటిసారి చూసింది 1896లో, విక్టోరియా పబ్లిక్ హాలులో. ఆ తరవాత చాలా ఏళ్లు సినిమా అంటే ఊరూరా తిరిగే డేరా ప్రదర్శనే. వెంకయ్య కూడా అలాగే మొదలుపెట్టారు. 1910 ప్రాంతంలో ఆయన క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. అందులో ఫిల్మూ గ్రామఫోను రికార్డూ జంటగా నడవాలి. బొమ్మ ఏమాత్రం ముందుకు పోయినా పాట వెనకబడేది కాబట్టి ఆ రెంటినీ కలిపి నడపడానికి మంచి నేర్పు కావాలి. ఈ యంత్రంతో ఆయన విక్టోరియా హాలులో ప్రదర్శనలిచ్చి, ఎస్ప్లనేడ్‌లో డేరా వేసి, బెంగళూరు, బెజవాడలతో పాటు సింహళం, రంగూన్ దాకా వెళ్లి వచ్చారు. ఆ తిరుగుడంతా అయ్యాక గాని గెయిటీ గోడలు లేవలేదు.

1913లో వార్విక్ మేజర్ అనే దొర మౌంట్ రోడ్డులోనే ఎలక్ట్రిక్ థియేటర్ తెరిచారు. దొరల నడుమ, దొరల వీధిలో ఒక తెలుగువాడు హాలు కట్టడం అప్పటికి పెద్ద సాహసమే. వెంకయ్య అంతటితో ఆగకుండా మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ హాళ్లు కూడా నెలకొల్పారు. గ్లోబ్ తరవాతి కాలంలో రాక్సీగా పేరు మార్చుకుంది.

తొలి రోజుల్లో ఈ హాళ్లలో ఆడినవి ఎక్కువగా అమెరికా, బ్రిటన్ల మూకీలు. వాటిలో సీరియళ్లది పైచేయి. ‘మిలియన్ డాలర్ మిస్టరీ’, ‘బ్రోకెన్ కాయిన్’ వంటివి భాగాలు భాగాలుగా వచ్చేవి. ‘బ్రోకెన్ కాయిన్’ 22 భాగాలు, ఒక్కొక్కటి రెండేసి రీళ్లు. ప్రతి భాగమూ కథానాయిక ఏదో ఒక ఆపదలో చిక్కుకున్న చోట ఆగేది. ఆమె ఎలా బయటపడిందో తెలియాలంటే మళ్లీ టికెట్టు కొనాల్సిందే. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చే అలవాటు ఇలా ఏర్పడింది. ఊళ్లు తిరిగే డేరాకు దక్కని లాభం ఇది.

గెయిటీ అసలు ఘనత ఇక్కడుంది. హాళ్ల నడకతో నిలదొక్కుకున్న వెంకయ్య, కొడుకు ఆర్. ప్రకాశ్‌ను సినిమా నిర్మాణం నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు. ప్రకాశ్ తిరిగి వచ్చాక తండ్రీకొడుకులు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ సంస్థను నెలకొల్పి, 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీని తీశారు. తెలుగువారు తీసిన తొలి చిత్రంగా దీన్ని చెప్పుకుంటారు. భీష్ముడి వేషం ప్రకాశ్‌దే. తరవాత తెలుగు సినిమాలో పేరు తెచ్చుకున్న సి. పుల్లయ్య, వై.వి. రావు ఆయన దగ్గర పని నేర్చినవారే. కాని నిర్మాణంలో వచ్చిన నష్టాలకు సినిమా స్టూడియోతో పాటు హాళ్లూ కుటుంబం చేజారాయి. వెంకయ్య 1941లో కన్నుమూశారు. ఆయన పేరిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో సినీ పురస్కారం ఏర్పాటు చేసింది.

చేతులు మారినా గెయిటీ మూతపడలేదు. టాకీలు వచ్చాక టాకీ హాలుగా మారి, అదే వీధిలో వెలసిన క్యాసినో హాలుతో పాటు దశాబ్దాలపాటు నడిచింది. 2000 తరవాతి తొలి దశకంలో ప్రదర్శనలు ఆగిపోయి, భవనాన్ని కూల్చివేశారు. ఆ స్థలంలో వాణిజ్య సముదాయం వచ్చింది. 1915లోనే సినిమాలు ఆపేసిన ఎలక్ట్రిక్ థియేటర్ భవనం మాత్రం తపాలా శాఖ కొనుక్కోవడంతో మిగిలింది. అందులో ఇప్పుడు స్టాంపుల సేకరణ విభాగం నడుస్తోంది. తెలుగు సినిమా పుట్టుకకు ఊతమిచ్చిన గెయిటీకి అలాంటి రక్షణ ఏ శాఖ నుంచీ దొరకకపోవడం తీరని లోటు.