జప్తు అయిన తలుపు

దక్షిణాదికి వలస వచ్చిన మన పూర్వీకుల చరిత్ర అనగానే నాయక రాజులు, కోటలు, గుళ్ళు గుర్తుకొస్తాయి. పల్లెలో పసివాళ్ళు ఏం తిని, ఏం పోగొట్టుకుని పెరిగారో అందులో కనబడదు. ఆ చరిత్ర నాకు దొరికింది తమిళ కథల్లో. నాలాగే ఇంట్లో తెలుగు, బడిలో తమిళంగా పెరిగినవాళ్ళు రాసిన కథలవి.

కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్ అనే చిన్న పల్లె. చుట్టూ వానను నమ్ముకున్న నల్లరేగడి. ఆ ఒక్క ఊరి నుంచే కు. అళగిరిసామి, కి. రాజనారాయణన్ అనే ఇద్దరు తెలుగింటి బిడ్డలు తమిళ కథకు పెద్ద దిక్కయ్యారు. అళగిరిసామి 1970లో కన్నుమూశారు; సాహిత్య అకాడమీ పురస్కారం ఆ ఏడాదికే ఆయనకు దక్కింది. కి.రా.కు 1991లో ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు వచ్చింది.

కి.రా. కథ ‘కదవు’ చూడండి. కదవు అంటే తలుపు. తండ్రి మణిముత్తారుకు కూలికి పోయాడు. నెలల తరబడి కబురు లేదు. తల్లి పనికి పోతే లక్ష్మి, శ్రీనివాసన్ ఇంటి తలుపెక్కి బండాట ఆడుకుంటారు. శిస్తు బాకీ కింద తలారి వచ్చి ఆ తలుపు ఊడదీసుకుపోతాడు. చలిగాలికి ఇంట్లో చంటిబిడ్డ దక్కదు. కొన్నాళ్ళకు చావడి దగ్గర చెదలు పట్టి పడివున్న తలుపు కనబడితే, పిల్లలిద్దరూ దాన్ని వాటేసుకుంటారు.

ఇది కల్పనే. కాని బాకీదారు సొత్తు జప్తు చేసే అధికారం 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం ఇచ్చినదే; స్వరాజ్యం వచ్చాక కూడా అది నిలిచింది. దస్త్రంలో అయితే ఇంత బాకీకి ఒక తలుపు అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ తలుపు వెల ఒక పసిప్రాణమని రాసింది కథకుడే.

1976లో ‘గోపల్ల గ్రామం’లో ఆయన వలసనాటి కష్టాలను మంగత్తాయారు అవ్వ నోట చెప్పించారు. మన ఇళ్ళలో కూడా చరిత్ర అవ్వల నోటనే బతికింది. కి.రా. 2021లో పుదుచ్చేరిలో కన్నుమూశారు. అలాంటి అవ్వలు ఇంకా ఉన్న ఇళ్ళవారికి నా మనవి ఒక్కటే: వాళ్ళు చెప్పేది రాసిపెట్టండి. తెలుగు లిపి రాకపోతే వచ్చిన లిపిలోనే రాయండి.