ముద్దాయి ఎవరు?

ముద్దాయి అంటే ఎవరు? తెలుగు చదివిన ఎవరినైనా అడగండి. నేరం మోపబడ్డవాడు, బోనులో నిలబడ్డవాడు అని చెబుతారు. మా అబ్బాని అడిగి ఉంటే వేరే జవాబు వచ్చేది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. నాకు అన్యాయం జరిగింది, నా హక్కు నాకిప్పించండి అని అడిగినవాడు. అవతలివాడు ముద్దా అలైహ్. వకాల్తా, జప్తు, పంచనామా, జామీను, రాజీ, రద్దు... కోర్టు తెలుగులో సగం మాటలు మా ఇండ్లలోంచి పోయినవే. అన్నీ దాదాపు అదే అర్థంతో పోయినయి. ఈ ఒక్క మాట మాత్రం తలకిందులై పోయింది. ఫిర్యాది నేరస్థుడై కూర్చున్నాడు.

ఇది భాషాశాస్త్రం ముచ్చట అయితే నేను రాసేవాణ్ణి కాదు. 1990 డిసెంబర్‌లో పాతబస్తీ తగలబడ్డప్పుడు మాది ఛత్రినాకలో ఒక చిన్న గల్లీ. చుట్టూ హిందువుల ఇండ్లు, మధ్య మావి కొన్ని. ఇటు ఉప్పుగూడ, అటు లాల్‌దర్వాజా. కర్ఫ్యూ సడలించిన గంటలో పాలకు పోయిన మా పక్కింటి దర్జీ పిల్లవాణ్ణి పోలీసులు ఎత్తుకపోయారు. రెండోరోజు నగరంలోని ఒక స్టేషన్‌కు మా అబ్బా, గల్లీ పెద్దలు ఇద్దరు పోయారు. తెలుగు వచ్చినవాడు కావాలని నన్ను వెంట తీసుకపోయారు. నేను తెలుగు మీడియం బడిల తొమ్మిదో తరగతి. ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అబ్బా చదవమంటే నేను గట్టిగా చదివిన. పిల్లవాని పేరు, పక్కన 'ముద్దాయి' అని ఉంది. అబ్బా ముఖం విప్పారింది. "చూసినవా, వాని గోడు రాసుకున్నారు" అని పక్కాయనతో అన్నాడు. సంతకం పెట్టాడు, ఉర్దూలో, చాలా శ్రద్ధగా.

నాకు అర్థం తెలుసు. బడిల నేర్చుకున్నదే. కాని అబ్బా అంత సంబరంగా ఉంటే పెదవి విప్పలేకపోయిన. ఆ కేసు ఏండ్లు నడిచింది. వకీలు కావాలనే కోరిక నాకు పుట్టింది ఆ స్టేషన్ బల్ల మీదనే.

వకీలు కావటానికి మేం దూరం పోవలసిన పనే లేదు అనిపించేది. మా ఇంటి నుంచి లాల్‌దర్వాజా, షాలిబండ, చార్మినార్, మదీనా దాటుకుంటూ నడిస్తే మూసీ ఒడ్డున హైకోర్టు. విన్సెంట్ ఎష్ గీసిన నమూనా, 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం ప్రారంభించిన భవనం. ఈ నగరపు న్యాయం పాతబస్తీలో కూర్చుని ఉండేది. పాతబస్తీ భాషలో మాట్లాడేది కూడా. 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ కోర్టు భాష అయింది. 1917లో ఫర్మానా వచ్చి, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. పాఠాలన్నీ ఉర్దూలో చెప్పటానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా ఒక అనువాద శాఖ పెట్టారు. సైన్సు, వైద్యంతో పాటు లా కూడా ఉర్దూలోకి దిగింది. దేశంలో ఇంగ్లీషు రాకుండా వకాలత్ లేదనుకునే కాలంలో ఇది చిన్న పని కాదు.

కొందరు మా పెద్దలు ఈ మాట దగ్గరే ఆగిపోయి కండ్లు తుడుచుకుంటారు. నేను ఆగను. అదే రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లే ఎక్కువమంది. నల్లగొండ రైతుకు ఆ కోర్టులో తన భూమి గురించి ఏమి రాశారో తెలియదు. మా అబ్బా 1990లో తెలుగు కాగితం ముందు ఎట్లా నిలబడ్డాడో, ఆ రైతు ఉర్దూ కాగితం ముందు అట్లనే నిలబడ్డాడు. ఇంకో మాట. అప్పటి ఉర్దూ వకీళ్లు దేవిడీల నుంచి, జాగీర్‌దారుల ఇండ్ల నుంచి వచ్చారు. దూదేకులవాడు, కసాయివాడు, టాంగా తోలేవాడు ఆ కోటు తొడగలేదు. రాజ్యం ముస్లింలదని చెప్పుకునే రోజుల్లో కూడా మా గల్లీకి అది మెట్ల కిందనుంచి చూసే భవనమే.

అయినా ఆ చదువు ఎంత దూరం పోగలదో చెప్పటానికి ఒక్క మనిషి చాలు. ముహమ్మద్ హమీదుల్లా, 1908లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో లా చదివాడు. జర్మనీలో బాన్‌లోనూ, పారిస్‌లోనూ డాక్టరేట్లు తీసుకుని వచ్చి అదే ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెప్పాడు. 1948లో ఐక్యరాజ్యసమితికి పోయిన హైదరాబాద్ ప్రతినిధులలో ఆయన ఉన్నాడు. ఆయన అక్కడ ఉండగానే సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. మళ్లీ రాలేదు. దేశాల మధ్య న్యాయం గురించి పాఠం చెప్పినాయన ఏ దేశ పౌరుడూ కాకుండా దశాబ్దాలు పారిస్‌లో బతికాడు. 2002లో అమెరికాలో కన్నుమూశాడు. ఆయన వెనక ఉస్మానియాలో పాఠం ఇంగ్లీషుకు మారింది. హైకోర్టు భాష ఇంగ్లీషే అని రాజ్యాంగం 348వ అధికరణం చెప్పింది. ఉర్దూలో చట్టం నేర్చినవాడు నడివయసులో అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది.

అప్పుడు ఆదుకున్నది సాయంత్రం కాలేజీ. ఈ సంగతి ఎవరూ రాయరు. నగరంలో పొద్దున గుమాస్తా, టీచరు, టైపిస్టు అయినవాడు పొద్దుగూకినాక లా క్లాసుకు పోయేవాడు. మా చిచ్చా అట్లా చదివినవాడే. ఆఫీసు విడిచి సైకిల్ మీద సరాసరి క్లాసుకు, రాత్రి పది దాటినాక ఇంటికి. ఆయన శిక్షాస్మృతి పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది. అచ్చు ఇంగ్లీషు, అంచుల్లో పెన్సిల్‌తో ఉర్దూ అర్థాలు, అక్కడక్కడ తెలుగు. ఒకే పేజీలో మూడు లిపులు. మా బతుకు అచ్చం ఆ పేజీలాగే ఉంటుంది.

నా వంతు వచ్చేసరికి రోజులు మారినయి. 1961 అడ్వొకేట్స్ చట్టం కింద ఏర్పడ్డ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఎవరు వకీలు కావచ్చునో నిర్ణయిస్తుంది. 1982లో ఇంటర్ తర్వాత ఐదేండ్ల కోర్సు తెచ్చారు. ఇంట్లో సంపాదన అక్కర లేనివాడికి అది బాగుంది. నేను పగలు కొలువు విడిచే స్థితిలో లేను. పోస్టులో పాఠాలు పంపే ఒక యూనివర్సిటీలో చేరి పట్టా తెచ్చుకున్న. దాన్ని చూపితే సన్నదు రాదని, కోర్టులో నిలబడటానికి అది చెల్లదని తర్వాత తెలిసింది. అడగకపోవటం నా తప్పే. చెప్పేవాడు మా గల్లీలో లేకపోవటం ఎవరి తప్పో?

2008 నియమాలతో తలుపు పూర్తిగా మూసుకుంది. లా క్లాసులు పొద్దున 8కి, సాయంత్రం 7కి మధ్యనే జరగాలి. వారానికి 30 గంటలు తగ్గకూడదు. హాజరు 70 శాతం. బార్ కౌన్సిల్ చెప్పే కారణం వట్టి అబద్ధం కాదు. హాజరు అమ్ముకునే దుకాణాలు చాలా ఉండేవి, క్లాసు ముఖం చూడని వకీళ్లు కోర్టుల్లో తిరిగారు. దుకాణం మూయండి, ఎవరు కాదన్నారు? వీళ్లు పొద్దుగూకటాన్నే నేరం చేశారు. మండేలా జైల్లో ఉండి దూరవిద్యలో చదివి 1989లో లా పట్టా అందుకున్నాడు. ఖైదులో ఉన్నవాడికి దొరికింది కొలువులో ఉన్నవాడికి దొరకదు. ముస్లింలలో వెనకబడ్డ వర్గాలకు 2007లో బిసి-ఇ కింద 4 శాతం ఇచ్చారు. లా సీటుకూ అది పనికొచ్చింది. సీటు ఇచ్చారు గాని, దానిలో కూర్చోవటానికి పగలు ఇవ్వలేదు.

ఇక మా భాంజీ సంగతి. మా ఆపా చిన్నబిడ్డ. ఒక ల్యాబులో బిల్లులు రాసే పని, నెల జీతంతో ఇంటి కిరాయి గడిచేది. 2020 లాసెట్‌లో సీటు వచ్చింది. కరోనా రోజులు. క్లాసులన్నీ ఫోన్‌లోకి వచ్చినయి. వాళ్ల సార్లు కొందరు సాయంత్రాలు చెప్పేవారు. ల్యాబు నుంచి వచ్చి, సిగ్నల్ కోసం మిద్దె మెట్ల మీద కూర్చునేది. మగ్రిబ్ అజా ఒకవైపు, బోనాల నెలలో లాల్‌దర్వాజా డప్పులు ఇంకోవైపు. "మామూ, మ్యూట్ తీసి జవాబు చెప్దామంటే మన బస్తీ మొత్తం క్లాసుల జొరబడుతది" అని నవ్వేది. కెమెరా పెట్టమంటే మాత్రం నవ్వేది కాదు. ఒకటే గది, వెనక వంట, గోడకు బట్టలు. దుపట్టా తీగ మీద ఆరేసి దాని ముందు కూర్చునేది.

ఆ నెలల్లోనే నాకొకటి తెలిసింది. మా గల్లీలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు కూడా మెట్ల మీద అట్లనే లా చదువుతున్నారు. రాత్రి బస్సు భయం లేదు, "ఇంత పొద్దుపోయి ఎక్కడికి" అనే మొగవాళ్లకు జవాబు చెప్పే పని లేదు. మా చిచ్చా కాలపు సాయంత్రం కాలేజీ మగవాళ్లకే అందింది. ఇది మొదటిసారి ఆడపిల్లల ఇంటికి వచ్చింది.

2021 సెప్టెంబర్‌లో కాలేజీలు తెరిచారు. పగటి క్లాసులు, 70 శాతం మళ్లీ వచ్చినయి. ఆన్‌లైన్ క్లాసు ఆపద ధర్మమే గాని హక్కు కాదు. ఆ ఇద్దరిలో ఒక పిల్ల చదువు మానేసింది. కుట్టుపని చేస్తున్నది, బాగా కుడుతుంది. మా భాంజీ ల్యాబు పని మానేసింది. రాత్రులు పిల్లలకు ట్యూషన్లు చెప్పి, మా ఆపా రెండు గాజులు అమ్మి, పట్టా పుచ్చుకుంది. సన్నదు తీసుకుంది. మేం సంబరపడుతున్న రోజుల్లోనే, 2024 మార్చి 27న, రాజేంద్రనగర్ వైపు వంద ఎకరాల్లో కొత్త హైకోర్టుకు పునాదిరాయి వేశారు. నడిచిపోయే దూరంలో ఉన్న ఆ ఒక్కటి కూడా లేచి పోతుందన్నమాట!

మొన్న ఆ దర్జీ పిల్లవాడు వచ్చాడు. పిల్లవాడేమిటి, గడ్డం తెల్లబడ్డది. ఇప్పుడు వాని కొడుకు మీద ఏదో కొట్లాట కేసు. ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చి మా భాంజీ ముందు పెట్టాడు. పక్కన మా అమ్మీ తస్బీ తిప్పుతూ కూర్చుని వింటున్నది. పిల్ల మెల్లగా చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది. ఆ మాట మీద వేలు పెట్టి, "నానీ, ఇది నువ్వనుకునే ముద్దయీ కాదు" అని చెప్పింది. అమ్మీ తస్బీ ఆపి నా వైపు చూసింది. నేను తల దించుకున్న.

"జామీనుకు ఎవరున్నారు?" అని పిల్ల రెండో కాగితం తిప్పింది.