పలుకని సిలిండరును పట్టు విధము

మాఘ, ఫాల్గుణ మాసములు వచ్చినవనగా సత్తెనపల్లి పరిసర గ్రామములనుండి మిరపకాయల బస్తాలు గుంటూరు మార్కెట్ యార్డునకు బయలుదేరును. ఒకప్పుడు ఎడ్లబండ్లు మోసిన ఈ బరువును నేడు ఎక్కువగా చిన్న పికప్ ట్రక్కులు మోయుచున్నవి. బస్తాలతో పోవుచున్న బండి ఇంజను ఉన్నట్టుండి లయతప్పి కుదుపులతో నడచుట కలదు. మెకానిక్కులు దీనిని ‘మిస్సింగు’ అందురు. కారణము తెలియక సామానులను ఒకదాని తరువాత ఒకటి మార్చినచో బండివాని సంపాదన ఖర్చగునే కాని లోపము పోదు. ఈ చిక్కును విడదీయుటకు నూరేండ్లకు పైబడిన యుక్తి యొకటి కలదు. పరికరములు ఎన్ని మారినను ఆ యుక్తి మారలేదు.

ముందుగా లయతప్పుట యననేమో చూతము. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరును నాలుగు పనులు చేయును: గాలి, పెట్రోలు మిశ్రమమును పీల్చుట, దానిని అదుముట, మండించి శక్తి నిచ్చుట, పొగను వెడలగొట్టుట. ఈ నాలుగును ముగియుటకు ఇరుసు రెండు చుట్లు తిరుగవలెను. కనుక ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నప్పుడు ఒక్కొక్క సిలిండరులో 400 సార్లు, మొత్తము మీద 1600 సార్లు మంట పుట్టవలెను. ఒక సిలిండరు మండనిచో ఇరుసునకు నాలుగు త్రోపులలో ఒకటి అందదు. అదియే కుదుపు. నిప్పురవ్వ, తగిన మిశ్రమము, చాలినంత అదుము అను మూటిలో ఏది లోపించినను మంట పుట్టదు.

మొదటినుండి ఎక్కువ చిక్కు తెచ్చినది నిప్పురవ్వయే. 1860లో లెన్వార్ తన గ్యాసు ఇంజనును విద్యుత్తు రవ్వతోనే మండించెను. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మోటారు బండియు అట్టిదే. 1902లో జర్మనీయందలి రాబర్ట్ బాష్ కర్మాగారమున గొట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కు ప్లగ్గును రూపొందించెను.

1908లో అమెరికాలో వెలువడిన ఫోర్డు ‘మోడల్ టి’ బండిలో నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లుండెను. ప్రతి కాయిలు మీదను కంపించు చిన్న నాలుక ఉండెను. దానిని వ్రేలితో అణచినచో ఆ సిలిండరునకు రవ్వ అందదు. అప్పుడు ఇంజను వేగము తగ్గినచో అంతవరకు ఆ సిలిండరు పనిచేయుచుండెనని అర్థము. అణచినను మార్పులేనిచో అదియే దోషి! మంచి సిలిండరును ఆపినచో ఇంజనునకు తెలియును. చెడినదానిని ఆపినచో తెలియదు. మన యుక్తి ఇదియే. 1925లో ఫోర్డు కంపెనీ కర్మాగారమునందే పికప్ తొట్టి బిగించి అమ్మిన బండియు ఈ మోడల్ టియే.

కెట్టెరింగ్ 1910 ప్రాంతమున రూపొందించిన బ్యాటరీ పద్ధతి క్రమముగా వ్యాపించెను. ఒకే కాయిలు, దాని రవ్వను వంతులవారీగా పంచు డిస్ట్రిబ్యూటరు వాడుకలోనికి వచ్చినవి. 1940ల చివర మహీంద్రా సంస్థ మన దేశమున కూర్చనారంభించిన విల్లీస్ జీపులలో ఈ వంతు 1-3-4-2. ఇట్టి బండ్లలో మెకానిక్కు ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా వేరుచేసి ఇంజను చప్పుడును వినెడివాడు. దోషి దొరికిన పిదప ప్లగ్గు మసిని తుడిచి, దాని సందును సరిచేసి, అరిగిన పాయింట్లను మార్చెడివాడు.

ఇంజనీరింగు కళాశాలలలో చేయించు ‘మోర్స్ పరీక్ష’ ఈ యుక్తికే లెక్కలు కట్టినది. ఉదాహరణకు ఇంజను 20 కిలోవాట్ల శక్తి నిచ్చుచున్నదనుకొందము. ఒక సిలిండరును ఆపి, బరువు తగ్గించి, వేగమును మొదటి స్థాయికి తెచ్చినప్పుడు 14 కిలోవాట్లే వచ్చినచో, ఆ సిలిండరులో పుట్టుచుండిన శక్తి 6 కిలోవాట్లు. తేడా సున్న అయినచో ఆ సిలిండరు పలుకుట లేదన్నమాట.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. అదుముటచే వేడెక్కిన గాలిలోనికి చిమ్మిన డీజిలు తానే మండును. పాత ఇంజనులలో ఒక్కొక్క ఇంజెక్టరు గొట్టము మరను కొద్దిగా వదులు చేసి ఈ పరీక్షనే చేసెడివారు. నేటి కామన్ రైలు ఇంజనులలో ఆ పని ఎన్నడును చేయరాదు. గొట్టములలో పీడనము వాతావరణ పీడనమునకు వేయిరెట్లు మించవచ్చును. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. నేటి పెట్రోలు బండి కాయిలు తీగను నడుచుచుండగా చేతితో లాగుటయు ప్రమాదమే.

ఇప్పుడు ఆ పరీక్షను కంప్యూటరు చేయుచున్నది. 1996 నుండి అమెరికాలో కార్లకు, చిన్న ట్రక్కులకు మిస్సింగును తనంత తానే గుర్తించు ఏర్పాటు తప్పనిసరి అయ్యెను. ఇరుసుతో తిరుగు పండ్ల చక్రమును ఒక సెన్సరు కనిపెట్టుచుండును. 800 చుట్ల వేగమున అరచుట్టునకు 0.0375 సెకను పట్టును. ఒక సిలిండరు వంతులో మాత్రము అరచుట్టు ఆలస్యమగుచున్నచో ఆ సిలిండరు మండలేదని కంప్యూటరు గ్రహించును. ‘పి 0303’ అను సంకేతము మూడవ సిలిండరును చూపును. హెచ్చరిక దీపము మినుకుమినుకుమనుచున్నచో బండిని అట్లే నడుపరాదు. మండని పెట్రోలు పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరులో మండి దానిని పాడుచేయును.

అయితే సంకేతము చోటును చెప్పునే కాని కారణమును చెప్పదు. ఇక్కడ మనుష్యుని తెలివియే కావలెను. ఇంజను ఆపి, మూడవ సిలిండరు కాయిలును రెండవదానికి, రెండవదానిని మూడవదానికి మార్చి చూడవలెను. సంకేతము ‘పి 0302’ అయినచో దోషము కాయిలుదే. మారనిచో ప్లగ్గును, పిదప ఇంజెక్టరును అట్లే చూచి, తుదకు అదుమును కొలువవలెను. అదుము తగ్గినచో వాల్వు గాని పిస్టను రింగులు గాని చెడియుండవచ్చును.

ఒకసారి ఒక్కదానినే మార్చుట, ఏమి మారినదో గమనించుట - ఇది ప్రయోగశాలలో విద్యార్థి నేర్చు మొదటి పాఠము. మోడల్ టి డ్రైవరు వ్రేలు చేసిన పనియు ఇదియే. ఈ పాఠము తెలిసిన మెకానిక్కు చేతిలో పడిన బండి అనవసరపు ఖర్చు లేకుండ మిరప బస్తాలను యార్డునకు చేర్చగలదు.