ఆయిల్ సీల్ పుట్టింది తోళ్ళ కార్ఖానాలో

పాత మహీంద్రా జీపును నాలుగు రోజులు కదల్చకుండా ఉంచి, తర్వాత బయటికి తీస్తే, డ్రైవరు కూర్చునే వైపు ముందు చక్రానికి లోపలగా నేల మీద ఒక నల్లటి మరక కనిపిస్తుంది. ఇంజనాయిల్ కారుతోందని చాలామంది కంగారుపడతారు. వేలికి అద్దుకుని వాసన చూడండి. గంధకం ఘాటు తగిలితే అది ఇ.పి. 90 గేర్ ఆయిల్. స్టీరింగ్ కాలమ్ అడుగున ఉండే స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చింది. ఆ బాక్స్‌లోంచి పొడుచుకొచ్చే షాఫ్టు చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఆయిల్ సీల్ అంటారు. అది అరిగిందన్నమాట. బండి మొత్తంలో అతి చవకైన సామాన్లలో అదొకటి. కానీ దాన్ని ఇప్పుడున్న రూపానికి తేవడానికి దాదాపు నూట నలభై ఏళ్ళు పట్టింది.

అసలు చిక్కు ఎక్కడుంది? ఒక ఇరుసు తిరగాలి. దాన్ని పట్టుకున్న గూడు కదలకూడదు. రెండింటి మధ్య సందు లేకపోతే ఇరుసు తిరగదు, సందు ఉంటే నూనె నిలవదు. మన ఎడ్లబండ్ల కాలంలో ఈ చిక్కును ఎవరూ విప్పాలనుకోలేదు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పూసేవారు, అది కారిపోతే మళ్ళీ పూసేవారు. ఆవిరి యంత్రాలు వచ్చాక అలా కుదరలేదు. పిస్టన్ కడ్డీ చుట్టూ పశువుల కొవ్వులో నానబెట్టిన నార తాళ్ళు కుక్కి, పైనుంచి మూత బిగించేవారు. వదులైతే ఆవిరి చిమ్మేది, బాగా బిగిస్తే కడ్డీ పట్టేసేది.

ఈ చిక్కుకు మొదటి తెలివైన జవాబు లండన్‌లో దొరికింది. జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. ప్రెస్సు పనిచేసింది గాని, పైకీ కిందికీ కదిలే దాని లావుపాటి రామ్ చుట్టూ నీళ్ళు చిమ్మేవి. చిమ్మకుండా బిగిస్తే, పైకి లేచిన రామ్ కిందికి దిగేది కాదు. బ్రామా దగ్గర పనిచేస్తున్న హెన్రీ మాడ్స్‌లీ అనే యువకుడు తోలును అంచులు మడిచిన పట్టీలా మలిచి అందులో అమర్చాడు. లోపల నీటి ఒత్తిడి పెరిగితే ఆ ఒత్తిడే తోలు అంచును రామ్‌కు అదుముతుంది, ఒత్తిడి తగ్గితే అంచు వదులవుతుంది. బిగించే పని మనిషి చేతిలోంచి నీటికే అప్పగించాడు. తర్వాత ఎన్ని సీళ్ళు వచ్చినా, ఒక మెత్తటి పెదవి లోహానికి ఆని ఉండడమనే సూత్రం మాత్రం ఆ తోలు పట్టీదే. మాడ్స్‌లీని స్క్రూ కోసే లేతు యంత్రానికే తలుచుకుంటారు. నా మటుకు ఈ తోలు పట్టీ దానికేమీ తీసిపోదు.

మోటారు కార్లు ఈ పాఠాన్ని వెంటనే అందిపుచ్చుకోలేదు. తొలి కార్లకు స్టీరింగ్ చక్రమే ఉండేది కాదు, పడవ చుక్కానిలా ఒక కర్ర ఉండేది. 1894లో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పోటీలో ఆల్‌ఫ్రెడ్ వాషెరోన్ తన పాన్‌హార్డ్ కారుకు చక్రం బిగించాడు. చక్రం తిప్పితే టైర్లు తేలిగ్గా తిరగాలంటే మధ్యలో పళ్ళపెట్టె కావాలి, పెట్టె ఉంటే నూనె ఉండాలి, నూనె ఉంటే దాన్ని ఆపాలి. ఆపడానికి ఉన్ని ఫెల్ట్ ముక్కలు, కార్క్ బిళ్ళలు, గ్రాఫైట్ పట్టించిన తాళ్ళు వాడారు. మోరిస్ మైనర్ స్టీరింగ్ కాలమ్ పైకొసన ఫెల్ట్ బుష్ ఉంటుంది. అది నూనె పీల్చుకుని షాఫ్టును తడిగా ఉంచుతుంది, గలగలమనకుండా పట్టుకుంటుంది.

కొన్నిచోట్ల అసలు సీలే పెట్టలేదు. అంబాసిడర్‌లో చాలా ఏళ్ళపాటు వచ్చిన బ్రిటిష్ కంపెనీ బి.ఎం.సి. వారి బి-సిరీస్ ఇంజనుకు వెనక భాగంలో క్రాంక్ షాఫ్టు మీద ఎదురుపురి చెక్కి ఊరుకున్నారు. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ ఆ పురి నూనెను లోపలికి తోస్తుంది. ఇంజను ఆపాక తోసేవారెవరూ లేరు. పాత అంబాసిడర్ నిలిపిన చోట చుక్క కారడానికి మెకానిక్కు చేతకానితనం కారణం కానక్కర్లేదు, ఆ ఇంజను పుట్టుకే అలాంటిది. బ్రిటిష్ కార్లలో ఇంకో విడ్డూరం ఉంది. హారన్ మీట స్టీరింగ్ చక్రం నడుమ ఉండేది. దాని తీగలు స్టేటర్ ట్యూబ్ అనే సన్నటి గొట్టంలోంచి కాలమ్ పొడవునా దిగి, స్టీరింగ్ బాక్స్‌లోని నూనెను దాటుకుని అడుగు మూతలోంచి బయటపడేవి. ఆ గొట్టం చుట్టూ ఉండే ఇత్తడి రింగు, నట్టు కాస్త సడలితే చాలు, షాఫ్టు సీల్ ఎన్నిసార్లు మార్చినా కారడం ఆగదు.

ఇప్పుడు మనం వాడుతున్న సీల్ రూపుదిద్దుకున్నది జర్మనీలోని వైన్‌హైమ్ పట్టణంలో, తోళ్ళు ఊనే కార్ఖానాలో. 1849 నుంచి ఫ్రాయిడెన్‌బర్గ్ కుటుంబం అక్కడ తోలు వ్యాపారం చేసేది. 1929 ఆర్థిక మాంద్యంతో తోలుకు గిరాకీ పడిపోతే, చేతిలో ఉన్న సరుకుకు కొత్త పని వెతుక్కున్నారు. మోటారు కార్లకు తోలు సీళ్ళు చెయ్యడం మొదలుపెట్టారు. వాల్టర్ సిమ్మర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు పేరు మీదుగా వచ్చిన సిమ్మర్ రింగ్‌లో రేకు గూడు, దానిలోపల తోలు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకు అదిమి ఉంచడానికి చుట్టూ సన్నటి స్ప్రింగు ఉండేవి. మాడ్స్‌లీ ప్రెస్సులో ఆ పని నీటి ఒత్తిడి చేసింది. కారులో అంత ఒత్తిడి లేదు కాబట్టి స్ప్రింగు కావలసి వచ్చింది.

తోలుకు బదులు రబ్బరు ముందే ఎందుకు వాడలేదని అడగవచ్చు. చార్లెస్ గుడియర్ 1844లోనే రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు కదా. చిక్కల్లా చెట్టు రబ్బరుకు పెట్రోలియం నూనె పడదు. తగిలితే ఉబ్బి, మెత్తబడి పాడైపోతుంది. ఆముదాన్ని మాత్రం తట్టుకుంటుంది. హైడ్రాలిక్ బ్రేకుల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. మాల్కమ్ లాక్‌హీడ్ తన తొలి బ్రేకుల్లో పచ్చితోలు కప్పులు వాడితే అవి కారాయి. 1924లో ఆ బ్రేకుల్ని తమ కారుకు తీసుకున్న క్రైస్లర్ ఇంజనీర్లు వాటిని రబ్బరుకు మార్చారు. అందుకే తొలినాళ్ళ బ్రేక్ ఆయిల్‌లో ఆల్కహాల్‌తో పాటు ఆముదం ఉండేది. పెట్రోలియం నూనెను తట్టుకునే నైట్రైల్ రబ్బరును జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు 1930లో తయారుచేశారు. 1936 నాటికి వైన్‌హైమ్‌లో తోలు పెదవి స్థానంలోకి కృత్రిమ రబ్బరు పెదవి వచ్చింది. తోళ్ళ వ్యాపారులే తోలును పక్కన పెట్టారు.

ఈ మార్పు మన ఊళ్ళలోనూ జరిగింది, కాకపోతే కార్లలో కాదు, బోరింగుల్లో. ఇండియా మార్క్ 2 బోరింగు పిస్టనుకు తోలు వాషర్లు ఉండేవి. అవి అరిగితే గొట్టాలన్నీ పైకి లాగి మార్చాలి, అప్పటిదాకా ఊరికి నీళ్ళుండవు. 1980లలో కోయంబత్తూరు ప్రాంతంలో జరిపిన పరీక్షల్లో తోలుకు బదులు నైట్రైల్ రబ్బరు వాషర్లు వేసి చూశారు. అవి ఎక్కువ కాలం మన్నాయి.

ఇంతకీ ఆ పెదవి నూనెను ఎలా ఆపుతోంది? గట్టిగా అదిమి ఆపుతుందని చాలాకాలం అనుకున్నారు. 1957లో బ్రిటన్‌కు చెందిన జాగర్ అనే పరిశోధకుడు, తిరిగే షాఫ్టుకూ పెదవికీ మధ్య మైక్రాన్ల మందాన నూనె పొర ఉంటుందని చూపించాడు. మంచి సీల్ ఆ పొర మీదే నడుస్తూ, బయటికి రాబోయే నూనెను తిరిగి లోపలికి నెడుతుంది. నూనె వైపు పెదవి నిటారుగా, గాలి వైపు ఏటవాలుగా ఉండడం అందుకే. తిప్పి బిగిస్తే అది నూనెను బయటికి తోడుతుంది.

స్టీరింగ్ బాక్స్‌లోంచి పొడుచుకొచ్చే షాఫ్టు సంగతి వేరు. అది గిరగిరా తిరగదు, కొద్ది మేర అటూ ఇటూ ఊగుతుంది. దానికి నూనె పొర ఏర్పడేంత వేగం రాదు. ఎండకు రబ్బరు బిగుసుకుపోవడం, రోడ్డు దుమ్ము, అన్నిటికన్నా ముఖ్యంగా లోపలి బుష్ అరగడం దాన్ని చంపుతాయి. విల్లీస్ నమూనా పాత జీపుల్లో కాలమ్ కొసన పురి గాడి ఉన్న కామ్, ఆ గాడిలో నడిచే రెండు పిన్నుల లివరు ఉంటాయి. ఆ లివరు షాఫ్టు బుష్‌లో ఆడుతుంటే పెదవి ఒక పక్క నలుగుతుంది, మరో పక్క విడిపోతుంది. అలాంటి షాఫ్టుకు ఎంత మంచి కంపెనీ సీల్ వేసినా నిలవదు.

పని చేయించేటప్పుడు దగ్గరుండి చూడండి. ఆ షాఫ్టు బయటి కొసన బిగించి ఉండే డ్రాప్ ఆర్మ్ ఊడదీసేముందు షాఫ్టు మీదా ఆర్మ్ మీదా ఒకే గీతలో గుర్తు పెట్టాలి, లేకపోతే స్టీరింగ్ చక్రం వంకరగా కూర్చుంటుంది. ఆర్మ్‌ను సుత్తితో బాదకుండా పుల్లర్‌తోనే లాగాలి. పాత సీల్ వచ్చాక షాఫ్టును తుడిచి గోరుతో గీసి చూడండి. పెదవి ఆనిన చోట గాడి గోరుకు తగిలితే, కొత్త సీల్‌ను కొంచెం లోతుగానో పైకో కూర్చోబెట్టి పెదవి నున్నటి చోట ఆనేలా చెయ్యాలి, లేదా షాఫ్టుకు సన్నటి స్లీవ్ తొడగాలి. షాఫ్టు కొసన ఉన్న పళ్ళకు టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాసి, స్ప్రింగు ఉన్న ముఖం లోపలికి ఉండేలా ఎక్కించాలి. టేపు చుట్టకపోతే ఆ పళ్ళు పెదవిని అక్కడికక్కడే కోసేస్తాయి. సరైన సైజు సాకెట్ ఆనించి చుట్టూ సమంగా దిగగొట్టాలి. పాత సీల్ పడేయకండి. దాని మీద 25-40-7 లాంటి మూడు అంకెలు ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో. ఆ అంకెలు చెబితే ఏ ఆటోనగర్‌లోనైనా సీల్ దొరుకుతుంది, బండి పేరు చెప్పక్కర్లేదు.

నూనె, రబ్బరు జోడీ తప్పకూడదు. సిట్రోయెన్ డి.ఎస్. కారులో సస్పెన్షన్, బ్రేకులు, పవర్ స్టీరింగ్ ఒకే ద్రవంతో నడిచేవి. 1966లో ఆ కంపెనీ పాత ఎర్ర ద్రవాన్ని మాని ఆకుపచ్చ మినరల్ ఆయిల్‌కు మారినప్పుడు సీళ్ళన్నీ మార్చాల్సి వచ్చింది. ఒకదానిలో ఒకటి పోస్తే సీళ్ళు నాశనమవుతాయి.

చివరగా పాత బండ్లు ఉంచుకున్నవారికి ఒక మనవి. స్టీరింగ్ బాక్స్ కారుతోందని గేర్ ఆయిల్ తీసేసి గట్టి గ్రీజు కుక్కేవాళ్ళున్నారు. మరక ఆగుతుంది, నిజమే. కానీ పిన్నులు పక్కకు తోసిన గ్రీజు మళ్ళీ గాడిలోకి రాదు. లోపల ఇనుము ఇనుము పొడిగా రాసుకుంటుంది, ప్లే పెరుగుతుంది. ఆ బాక్స్ చేతిలోనే మీ ప్రాణం ఉంది. సీల్ మార్పించండి, అవసరమైతే బుష్ కూడా వేయించండి, గ్రీజు మాత్రం కుక్కనివ్వకండి.