ఇల్లు చేరిన సైనికుడు



డిసెంబరు నెలలో మనవంటి వారు జ్ఞాపకం ఉంచుకోవలసిన తేదీలు మూడున్నాయి. 4వ తేదీ నౌకాదళ దినోత్సవం. 7వ తేదీ సాయుధ దళాల పతాక దినోత్సవం. 17వ తేదీ పెన్షనర్ల దినోత్సవం. మూడవదానిని మన సంఘాలన్నీ సభలు పెట్టి, శాలువాలు కప్పి ఘనంగా జరుపుకుంటాయి. మొదటిది ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో తెలియదు. రెండవదానికి ఒక చిన్న జెండా కొని జేబుకు గుచ్చుకుంటాం, అంతే. ఈ మూడు తేదీలకూ గల సంబంధాన్ని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ములుగుకు సముద్రం చాలా దూరం. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుండి సిద్దిపేట జిల్లా. రాజీవ్ రహదారి, ఒంటిమామిడి కూరగాయల మార్కెట్టు, ఉద్యాన విశ్వవిద్యాలయం, ఇవీ మనకు తెలిసిన గుర్తులు. ఓడలు, యుద్ధరంగాలు మనవి కావనిపిస్తుంది. కాని నిజాం పాలనలో ఉన్న రోజులలోనే మన రాజ్యపు సేనలు సముద్రాలు దాటి వెళ్ళాయి.

సుయెజ్ నుండి సింగపూరు దాకా

1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే హైదరాబాదు లాన్సర్లు అనే అశ్విక దళం ఓడలెక్కి ఈజిప్టు చేరింది. మొదట సుయెజ్ కాలువ కాపలా, తరువాత పాలస్తీనా రంగం. మైసూరు, జోధ్‌పూరు లాన్సర్లతో కలిసి వీరు ఒకే బ్రిగేడులో పనిచేశారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని గెలిచినవారు ఆ బ్రిగేడులోని జోధ్‌పూరు, మైసూరు రౌతులే. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి విగ్రహాలు మూడింటిలో ఒకటి హైదరాబాదు జవానుకు ప్రతీక. ఆ కూడలికి 2018లో తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు. ఢిల్లీ చూసి వచ్చిన మనవారు ఆ విగ్రహాల పక్క నుండే వెళ్ళి ఉంటారు. అందులో మన రాజ్యపు సైనికుడు ఉన్నాడని ఎందరు గుర్తించారో!

రెండవ యుద్ధంలో నిజాం సేనలకు చెందిన ఒకటవ హైదరాబాదు ఇన్‌ఫంట్రీ మలయాలోని కోటబారు విమానాశ్రయానికి కాపలాగా ఉంది. 1941 డిసెంబరు 8న జపాను సేనలు ఆ తీరాన దిగాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. వేలాది భారతీయ సైనికులు బందీలయ్యారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చాలామంది 1945 వరకు నిర్బంధ శిబిరాలలో మగ్గారు. బ్రతికినవారు ఊళ్ళకు తిరిగి వచ్చారు.

వచ్చిన మూడేండ్లకు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 17న నిజాం లొంగిపోయాడు. హైదరాబాదు సైన్యం రద్దయింది. నిజాం పాలన పోవడం ప్రజలు కోరుకున్నదే, పోవలసినదే. అయితే పరదేశంలో ప్రాణాలకు తెగించి వచ్చిన ఒక సామాన్య సిపాయి వైపు నుండి కూడా ఆలోచించండి. మనం పదవీ విరమణ చేసినా కార్యాలయం అక్కడే ఉంటుంది, సర్వీసు రిజిస్టరు బీరువాలో భద్రంగా ఉంటుంది. అతనికి కొలువిచ్చిన రాజ్యమే లేకుండా పోయింది.

నావికుల సమ్మె

ఇంతకంటె చేదైన కథ నౌకాదళానిది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో నావికులు తిండి మానేసి సమ్మెకు దిగారు. నాసి తిండి, చాలని జీతం, తెల్ల అధికారుల బూతులు, యుద్ధం ముగిశాక ఇండ్లకు పంపడంలో ఆలస్యం వారి బాధలు. రెండు మూడు రోజులలో సమ్మె కరాచీ, మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా రేవులకు పాకింది. 78 ఓడలు, సుమారు 20,000 మంది నావికులు అందులో పాల్గొన్నారు. దిగిపోతున్న ఆంగ్ల ప్రభుత్వానికి అది పెద్ద హెచ్చరిక.

జాతీయ నాయకుల సలహాపై 23న వారు లొంగిపోయారు. ఆ తరువాత 476 మందిని ఉద్యోగం నుండి తీసివేశారు. ఏడాదిన్నరలో స్వాతంత్ర్యం వచ్చింది, మన జెండా ఎగిరింది. అయినా వారిని అటు పాకిస్తాను నౌకాదళం గాని ఇటు మన నౌకాదళం గాని తిరిగి చేర్చుకోలేదు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. చాలా ఏండ్ల తరువాత ముంబైలోని కొలాబాలో స్మారకం కట్టారు. నావికుల నాయకులు బి.సి.దత్, మదన్‌సింగ్‌ల పేర్లు నౌకాదళపు టగ్గు పడవలకు పెట్టారు. గౌరవమే, కాదనను. కాని అన్నం పెట్టవలసిన రోజున పెట్టక, తరువాత విగ్రహం పెట్టడం మన దేశంలో కొత్త కాదు.

విశాఖ తీరాన

1971 డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటిన సమయంలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముంగిట మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికులు చనిపోయారు. అది ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల కథనాలు వేరు. చనిపోయినవారు శత్రు దేశస్తులైనా వారూ తల్లుల బిడ్డలే. మరునాటి రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవును దెబ్బతీశాయి. నౌకాదళ దినోత్సవం అందుకే 4న జరుపుతారు. 9వ తేదీ రాత్రి డయ్యూ సమీపంలో మన ఖుక్రీ ఓడ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువక ఓడతోనే మునిగి మహావీర చక్రం పొందారు. ఆయన పేరు దేశానికి తెలుసు. బయటపడిన 67 మంది ఆ రాత్రిని గుండెలో మోస్తూ తక్కిన జీవితమంతా ఎలా గడిపారో మనం అడగలేదు.

1996లో విశాఖ బీచి రోడ్డున ఆ యుద్ధ విజయ స్మారకం నిర్మించారు. దానికి దగ్గరలోనే కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పడమటి తీరాన పనిచేసి, 31 ఏండ్ల సర్వీసు తరువాత 2001 ఫిబ్రవరి 27న విరమణ పొందింది. తుక్కు కింద అమ్మక, ఇసుక మీదికి చేర్చి 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. లోపల తిప్పి చూపించే పనికి విశ్రాంత నావికులనే పెట్టారు. విరమణ చేసిన ఓడకు విరమణ చేసిన మనిషి తోడు! మనుమలతో విశాఖ వెళ్ళినవారు తప్పక చూడవలసింది.

పదిహేడవ తేదీ రుణం

ఇక మన పండుగ సంగతి. 1982 డిసెంబరు 17న డి.ఎస్.నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1979లో కేంద్రం పెన్షను లెక్కను మెరుగుపరచి, ఫలానా తేదీ తరువాత దిగినవారికే వర్తిస్తుందన్నది. ముందు దిగినవారు మనుషులు కారా అని కోర్టుకు వెళ్ళినవారిలో మొదటివారు రక్షణ శాఖకు ఆర్థిక సలహాదారుగా చేసిన నకారా గారు. రెండవవారు ఒక విశ్రాంత సైనికాధికారి. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో మన తెలుగువారు ఓ.చిన్నపరెడ్డి గారు కూడా ఉన్నారు. పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసిన సొమ్ము అని కోర్టు తేల్చింది. అంటే మనం నెలనెలా అందుకునే దానిలో ఒక సైనికుని పోరాటం కూడా కలిసి ఉన్నదన్నమాట.

సైనికుని విరమణ మన విరమణ వంటిది కాదు. మనం 58కో 60కో దిగాం. అప్పటికి పిల్లలు ఎదిగి ఉంటారు. జవానుకు పెన్షనుకు 15 ఏండ్ల సర్వీసు చాలు. కాబట్టి ఎందరో నలభై లోపే ఇల్లు చేరుతారు. పిల్లలు బడిలో, అప్పు బ్యాంకులో ఉన్న వయసు అది. ఒకే ర్యాంకుకు ఒకే పెన్షను ఉత్తర్వులు దశాబ్దాల ఆందోళన తరువాత 2015 నవంబరు 7న గాని వెలువడలేదు.

2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేండ్ల సర్వీసు. అందులో నాలుగవ వంతు వరకే కొనసాగింపు. తక్కినవారికి సుమారు 11.71 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తారు, పెన్షను లేదు. జూన్ 17న సికిందరాబాదు స్టేషనులో రైళ్ళు తగులబడ్డాయి, పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించాడు. రైళ్ళు కాల్చడాన్ని ఎవరూ సమర్థించరు. సైన్యం యౌవనంతో ఉండాలనే వాదనలోనూ పస ఉంది. కాని 2022 చివరలో చేరిన మొదటి జట్టుకు నాలుగేండ్లు నిండేది 2026 చివరలోనే. ఇరవై మూడు, ఇరవై నాలుగేండ్లకే మాజీ సైనికుడయ్యే యువకునికి ఊరు ఏమి ఇస్తుందన్నదే ప్రశ్న.

మన వంతు

మనకు తుపాకి పట్టడం రాదు. జీవితమంతా కాగితాలతో గడిపినవాళ్ళం, కాగితం నింపడం వచ్చు. మాజీ సైనికులకు, ముఖ్యంగా వారి భార్యలకు కావలసింది తరచుగా అదే. కుటుంబ పెన్షను దరఖాస్తు, ఏటేటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం, స్పర్శ్ ఆన్‌లైను నమోదు, 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం కార్డు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒక అర్జీ. ఒక్క అక్షరం తప్పు పడి నెలల తరబడి ఆగిన పెన్షన్లు మనం మన శాఖలలోనే చూశాం.

కావున మన సంఘ సభ్యులు ఎవరి ఊరిలో వారు మాజీ సైనికుల, సైనిక వితంతువుల పేర్లు రాసి ఉంచాలని, నెలకొక రోజు వారి కాగితాల కోసం కేటాయించాలని మనవి. జెండా కొనడం మానవద్దు. కొన్న తరువాత ఆ ఇంటి గడప కూడా ఒకసారి తొక్కండి.