పురసభ్యుల యెఱుక - చీరాల పేరాల యుదంతము

పురపాలనము ప్రజాధీనమైనపుడు సభ్యునకు రెండు ధర్మము లేర్పడును. తన్నెన్నుకొనిన వారి యక్కఱలను సభకుఁ దెలుపుట యొకటి. సభలో జరిగిన, జరుగనున్న విషయములను వారికిఁ దెలుపుట రెండవది. ఈ రెండును నెఱవేఱవలె నన్న మొదట సభ్యునకే తెలిసియుండవలెను. పన్ను లెంత వచ్చినవి, వ్యయ మెంత యైనది, ఏ వీధికి నీరు లేదు, ఏ క్రొత్త నిబంధన రానున్నది అను నంశముల నెఱుఁగని సభ్యుఁడు సభలోఁ గూర్చుండియు లేనివానితో సమానుఁడు. ఈ యెఱుక సభ్యునకు నే త్రోవలఁ గలుగుచు వచ్చినది, ఎచ్చట నడ్డగింపఁబడినది, అడ్డగింపఁబడినపు డేమి జరిగినది అను విషయమును విచారింపఁ దగిన స్థలము తెలుఁగుసీమలో చీరాల పేరాల. వాడరేవునకుఁ గొలఁది మైళ్ల దూరమున నున్న యీ జంటయూళ్లు 1921 సంవత్సరమున దేశమంతటి దృష్టిని నాకర్షించినవి. ఆ యుదంతము పన్నుల నిరాకరణముగాఁ బ్రసిద్ధి కెక్కినది. పాలించువారికిని బాలితులకును నడుమ వార్తలు నడచెడి త్రోవ యెట్లు మూసికొనిపోయెనో తెలుపు కథగాఁ గూడ దానిని జదువవచ్చును.

పన్ను కైకొనువాఁడును బన్ను చెల్లించువాఁడును నొక్క మాట నెఱిఁగియుండవలె నను నీతి యీ తీరమునకుఁ గ్రొత్తది కాదు. వాడరేవునకు నైరృతిదిశ నున్న మోటుపల్లి కాకతీయుల కాలమునఁ బ్రఖ్యాతమైన రేవు. అందు గణపతిదేవచక్రవర్తి 1244-45 ప్రాంతమున నభయశాసనమును శిలాస్తంభముపైఁ జెక్కించెను. తుపానునకుఁ జిక్కి యొడ్డునఁ బడిన యోడల సొమ్మును బూర్వపురాజులు బలిమిఁ గైకొనుచుండఁగా, తాను నియతమైన సుంకమును దక్క మఱేమియుఁ గైకొన నని యా రాజు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకపాలని యందుఁ జెప్పఁబడినది. కొండవీటి యనపోతారెడ్డి 1358లో నచ్చటనే వేఱొక శాసనమును వేయించి వర్తకులకు మఱల ధైర్యము కలిగించెను. ఈ శాసనముల విలువ రాజుల యౌదార్యమునందు మాత్రమే లేదు. సుంకపు మొత్తము రేవున దిగిన ప్రతివర్తకుని కంటఁబడునట్లు ఱాతిపై నుండెను. సుంకరి యధికము కోరినచో వర్తకుఁడు స్తంభమును జూపఁ గలిగియుండెను. దక్షిణదేశమున నుత్తరమేరూరు శాసనములు, పరాంతకచోళుని కాలమున 919, 921 సంవత్సరములఁ బుట్టినవి, గ్రామసభల విషయమున మఱియొక యడుగు ముందునకు వేసినవి. పూర్వము వారియములలో నుండి లెక్క యొప్పగింపని వాఁడును, వాని దగ్గఱి బంధువులును దిరిగి సభ్యత్వమున కర్హులు గారని యవి విధించినవి. లెక్క తెలుపుట సభ్యునకు దయాధర్మము గాదు, అధికారమునకు మూల్యము అని వాని భావము.

ఆంగ్లేయుల కాలమునఁ బుట్టిన పురసభలకుఁ బునాది వేఱు. చెన్నపురి రాజధానిలో 1865, 1871 సంవత్సరముల శాసనములచే నవి వ్యాపించినవి. భీమునిపట్టణమున 1861లోను, గుంటూరున 1866లోను బురపాలకసంఘము లేర్పడెను. ఆ కాలపు సభ్యులు ప్రభుత్వముచే నియమింపఁబడినవారే. వారు సభలోఁ గూర్చుండుట ప్రజల మాట చెప్పుటకంటె దొరతనమువారి మాటకుఁ దల యూఁచుటకే యెక్కువ యుపయోగపడెను. 1882 మే 18వ తేదీని రిప్పన్ ప్రభువు ప్రకటించిన తీర్మానము స్థానికసభలను రాజకీయవిద్యకుఁ బాఠశాలలుగాఁ జేయవలె నని కోరెను. దాని ఫలముగాఁ బుట్టిన 1884వ సంవత్సరపు జిల్లా మునిసిపాలిటీల చట్టమునందు సభ్యులలో నాలుగింట మూఁడు వంతులవఱకు నెన్నికచే వచ్చుట కవకాశము కలిగెను. ఆ యేఁటనే స్థానికబోర్డుల చట్టము జిల్లాబోర్డు, తాలూకాబోర్డు, యూనియను అను మూఁడంతస్తుల నేర్పఱచెను. పెద్దగ్రామములు యూనియనులై, యింటిపన్నుతో వీధులను జక్కఁబెట్టుకొనుచుండెను.

పాఠశాల యేర్పడినది కాని పుస్తకములు విద్యార్థులకు నందుట కష్టమయ్యెను. కార్యాలయవ్యవహారము మిక్కిలిగా నింగ్లీషుననే సాగుచుండెను. ఏ గ్రామము పురముగా మాఱినదో, ఏ పన్ను విధింపఁబడినదో ఫోర్టు సెంటుజార్జి గెజిటునఁ బ్రకటింపఁబడెడిది. వీధిలోని వానికి టముకు చప్పుడే గెజిటు. నేఁతపనియు వర్తకమును జేసికొనుచు సభ్యులైనవారికిఁ గార్యాలయపు టుద్యోగి చదివి చెప్పినంతయే తెలిసెడిది. కాఁగితము కచ్చేరిలోఁ బుట్టి కచ్చేరిలోనే నిలిచిపోయెడిది. కృష్ణాపత్రిక 1902లోను, ఆంధ్రపత్రిక 1908లోను బుట్టిన పిమ్మట నూరి సంగతులు తెలుఁగున నచ్చుపడుట హెచ్చెను; సభ్యునకుఁ గచ్చేరితోఁ బనిలేని మఱియొక త్రోవ దొరకెను.

ఇట్టి కాలమునఁ జీరాల పేరాల సమస్య తలయెత్తినది. చీరాల, పేరాలలును జాండ్రపేట, వీరరాఘవపేటలును గలసి యొక యూనియనుగా నుండెను. జనసంఖ్య యించుమించుగా 15,000. నేఁతగాండ్రును, రైతులును, జిన్నవర్తకులును నందలి ప్రధానజనులు. యూనియను నాఁడు వారు చెల్లించు పన్ను సంవత్సరమునకు సుమారు 4,000 రూపాయలు. 1919-20లో మద్రాసు ప్రభుత్వము దీనిని మునిసిపాలిటీగా మార్చెను. దానితోఁ బన్నుల భారము పలు రెట్లు పెరిగెను. పురజనులు మహజరులు పంపిరి, సభలు చేసిరి. తమకు మునిసిపాలిటీ యక్కఱలేదనియు, దాని వ్యయమును దాము భరింపఁజాల మనియు విన్నవించిరి. ప్రభుత్వము నిశ్చయము మార్చుకొనలేదు.

ఇచ్చట నిరువాదములను సమముగా నెంచవలెను. పెరుగుచున్న యూరికి వీధిదీపములు, మురుగుకాలువలు, అంటువ్యాధుల నివారణము వలయు ననుట యసంగతము కాదు. కలరాయు మసూచియు నా కాలమున నూళ్లను దుడిచివేయుచుండెను. ఆరోగ్యము పేరిటఁ బురపాలకసంఘము కావలె నని తలఁచినవారికి ద్రోహచింత యుండె నని చెప్పరాదు. కాని యూరి యెఱుక వేఱు విధమైనది. తీరమునకుఁ జేరువనున్న యిసుకనేలలో నీరు కొలఁది లోఁతుననే యూరును. వాననీ రిసుకలో నింకిపోవును. ఏఁటి పొడుగున మగ్గముపైఁ గూర్చుండువాని యాదాయ మెంత, యే నెలలో నతని చేతఁ గాసు లాడును, ఏ నెలలో నప్పుపడును అను లెక్క చెన్నపట్టణపు గుమాస్తా దగ్గఱ నుండదు. పన్ను నిర్ణయమునకుఁ గచ్చేరి లెక్క యెంత యవసరమో యీ లెక్కయు నంత యవసరము. ఈ రెండు లెక్కలును గలిసెడి చోటు పురసభ. చీరాలలో నా చోటు నిలువలేదు.

సభ్యులు రెండు మంటల నడుమఁ జిక్కుకొనిరి. క్రిందనుండి పురజనుల వార్త వారికి నిత్యము చేరుచుండెను. వారు ప్రజలలోనివారే కాఁబట్టి యందుకుఁ గొఱఁత లేకుండెను. ఆ వార్తను బైకిఁ బంపినను ఫలము లేకపోయెను. తుదకు వారు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము వేతనముగల యధ్యక్షుని నియమించి పాలనము సాగించెను. 1920 డిసెంబరు 17వ తేదీనుండి స్థానికస్వపరిపాలన శాఖ నూతన సంస్కరణములచే మంత్రికిఁ బ్రాప్తించినది. ఆ మంత్రి పానగల్లు రాజా, పానగంటి రామరాయణింగారు, తెలుఁగువాఁడే. భాష తెలియని దొరలు విన లేదనుట కిఁక వీలు లేదు. వార్త చేరుట వేఱు, వార్త లెక్కకు వచ్చుట వేఱు అని యీ ఘట్టము స్పష్టముగాఁ జూపుచున్నది. సభ్యులు తొలఁగిన పిదప నా కొలఁదిపాటి మాటల రాకపోకయు నిలిచిపోయెను. పన్ను చెల్లింపనివారిపై నభియోగములు జరిగెను. చెఱకుఁ బోయినవారిలో నొక స్త్రీయుఁ గలదు.

ఈ ప్రజలకు నాయకుఁడైనవాఁడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఇతఁడు 1889లో పెనుగంచిప్రోలున జనించి, యెడింబరో విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించి వచ్చి, యాంధ్రరత్న మను బిరుదముచే వన్నె కెక్కెను. రామదండు పేర స్వచ్ఛందసేవకులను గూర్చి వారిచే నూరిలో నుత్సాహము నింపెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో నఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైన పిమ్మట, గాంధీమహాత్ముఁడు ఏప్రిలు 6వ తేదీని జీరాలకు వచ్చెను. శాంతముగాఁ బన్ను నిరాకరించుట యొక త్రోవ, పురము హద్దులను విడిచి పోవుట మఱియొక త్రోవ అని యాయన ప్రజల ముం దుంచెను. పురజనులు రెండవదానిని గైకొనిరి. ఆ నెల కడపట నించుమించుగా 13,000 మంది యిండ్లు వాకిళ్లు విడిచి, మునిసిపాలిటీ హద్దు దాఁటి, యిసుకనేలపై గుడిసెలు వేసికొనిరి. ఆ క్రొత్తయూరికి రామనగర మని పేరు పెట్టిరి.

రామనగరము పదునొకండు నెలలు నిలిచినది. వేసవి యెండ, వానల తడి, వృత్తికి భంగము, ధనలోపము వారిని బాధించినవి. అయినను నూరి వ్యవహారములను వారే చక్కఁబెట్టుకొనిరి. తగవులు పంచాయతీలోఁ దీఱెను. పాలించువానికిని బాలితునకును నడుమ కచ్చేరిగోడ లేని యూరు అది. ఆ సంవత్సరము సెప్టెంబరులో గోపాలకృష్ణయ్య బరంపురమున నిర్బంధింపఁబడి కారాగారమున కేఁగెను. నాయకుఁడు దూరమై, ద్రవ్యము తఱిఁగిపోఁగా, 1922లో జను లొక్కరొక్కరుగా మఱలి తమ యిండ్లకు వచ్చిరి. గోపాలకృష్ణయ్య 1928లోఁ దన ముప్పదితొమ్మిదవ యేఁట మరణించెను.

ఈ యుదంతము జరుగుచున్న కాలముననే సభ్యుల యెఱుకకు సంబంధించిన నిబంధనలు శాసనములోఁ జేరుట విచిత్రము. 1920వ సంవత్సరపు మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము సభకు ముందుగా స్థలము, తేదీ, కాలములతోఁబాటు చర్చింపఁబోవు విషయములను సభ్యులకుఁ దెలుపవలె నని విధించెను. పురపాలనమునుగూర్చి యధ్యక్షుని బ్రశ్నించుటకును, పనిలో నుపేక్షయు సొత్తు దుబారాయుఁ గనిపించినచో నెత్తిచూపుటకును, ఒక పేట యక్కఱలను దెలుపుటకును బ్రతిసభ్యునకు హక్కు గలిగెను. ముందుగాఁ దెలియఁజేసి కచ్చేరి వేళలలో దస్తావేజులను జూచుటకుఁ గూడ నవకాశ మబ్బెను. ఆంధ్రప్రదేశపు 1965వ సంవత్సరపు పురపాలకసంఘముల చట్టము నీ హక్కుల నిలిపికొనినది. 1966లో నధికారభాషాచట్టము వచ్చుటతోఁ గాఁగితము తెలుఁగునఁ జదువుకొను త్రోవ యేర్పడెను. 1993 జూను 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన డెబ్బదినాలుగవ రాజ్యాంగసవరణ మూఁడు లక్షలును నంతకు మించియు జనులు గల పురములలో వార్డు సంఘములను విధించినది. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ప్రభుత్వకార్యాలయములు తమ సమాచారమును నడుగకయే ప్రకటింపవలె ననియు, సామాన్యపౌరునకుఁ గోరినది చూపవలె ననియు నిర్ణయించినది. నాఁడు సభ్యునకు మాత్రమే దక్కిన హక్కు నేఁడు వీధిలోని వానికిని గలదు. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి బాపట్ల జిల్లాలోఁ జేరియున్న చీరాలయందును వాడరేవునందును నీ శాసనమే వర్తించును.

అయినను చీరాల కథ యొక హెచ్చరికను విడిచిపోయినది. కార్యక్రమపత్రము చేతఁబడినంతమాత్రమున సభ్యుఁడు తెలిసినవాఁడు కాఁడు. సభ్యున కందవలసిన యెఱుక మూఁడు విధములు. కచ్చేరినుండి వచ్చు లెక్కలు, తీర్మానములు, నిబంధనలు మొదటివి. వీధినుండి వచ్చు కష్టసుఖములు రెండవవి. పై యధికారు లేమి నిశ్చయింపనున్నారో ముందుగాఁ దెలియుట మూఁడవది. మొదటిది లేని సభ్యుఁడు కేకలు వేయును గాని లెక్క యడుగఁజాలఁడు. రెండవది లేని సభ్యుఁడు కచ్చేరికి గుమాస్తా యగును. మూఁడవది లేని సభ్యుఁడు నిశ్చయము జరిగిన పిదప మహజరు వ్రాయును. చీరాల పౌరులకుఁ బట్టిన గతి మూఁడవది. తమ యూరు పురముగా మాఱవలెనా యను ప్రశ్నకు వా రుత్తర మిచ్చునాఁటికి నిర్ణయము గెజిటున కెక్కినది.

మోటుపల్లి స్తంభము నేఁటికిని సుంకపు మొత్తమును జెప్పుచునే యున్నది. రామనగరపు గుడిసెల గుర్తు లిసుకలోఁ గలసిపోయినవి. ఒకటి పాలకుఁడు తానై తెలిపిన మాట, మఱియొకటి ప్రజలు చెప్పఁగా నెవ్వరును జెవిని బెట్టని మాట. పురసభలకు సభ్యులను బంపువారును, బాఠశాలలఁ బౌరధర్మము బోధించువారును నీ రెంటిని గలిపి చదువుట మేలు. ఏ నిర్ణయమైనను దానిని మోయవలసినవారికి ముందు తెలియవలెను. తెలిసినవారి మాట నిర్ణయమునకు ముందు వినఁబడవలెను. ఈ క్రమము తలక్రిందైన యూరిలో సభాభవన మెంత చక్కనిదైనను జనులు హద్దు దాఁటి గుడిసెలు వేసికొనక తప్పదని చీరాల పేరాల చరిత్రము తెలుపుచున్నది.